‘సారీ చెప్పు’ అంటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మూడేళ్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల తరగతిని 19 ఏళ్లుగా చూసుకుంటున్న టీచర్‌ని నేను. ఏ వయసుకు అక్షరాలు రావాలి, అంకెలు ఎప్పుడు మొదలుపెట్టాలి, ఫోను ఎంతసేపు చూడనివ్వాలి అంటూ పత్రికల్లో వచ్చేవన్నీ శ్రద్ధగా చదువుతాను. పక్కన ఒకరు ఏడుస్తుంటే చిన్నపిల్లలకు ఏమనిపిస్తుంది, ఎదుటివాళ్ల మనసు వాళ్లకు ఎలా తెలుస్తుంది అన్న సంగతి మీద మాత్రం ఎక్కువ రాతలు నా కంట పడలేదు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవమని కోరుతున్నాను.

మా తరగతిలో నాలుగేళ్ల బాబు ఒకడుండేవాడు. చురుకైనవాడు, కాలు ఒకచోట నిలిచేది కాదు. చెక్క దిమ్మెలతో ఎవరు ఏం కట్టినా వెళ్లి తన్నేవాడు. తన్నిన ప్రతిసారీ నేను వాణ్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చి, ఆ కట్టిన పిల్ల ముందు నిలబెట్టి “సారీ చెప్పు” అనేదాన్ని. పైన తిరిగే ఫ్యాను వంక చూస్తూ “సారీ” అనేవాడు. “గుడ్ బాయ్” అనేదాన్ని. ఎవరి ఆటకు వాళ్లు పోయేవాళ్లు. కొన్ని వారాలు ఇదే తంతు. ఒకరోజు ఒక పాప గోపురం కట్టుకుంటుంటే దగ్గరికి వెళ్లాడు. నా వైపు ఒకసారి చూశాడు. “సారీ” అన్నాడు. ఆ తర్వాత కాలెత్తి తన్నాడు.

అందులో వాడి కొంటెతనం ఏమీ లేదు. నేను నేర్పిన లెక్కనే తు.చ. తప్పకుండా నేర్చుకున్నాడు: ఒక తన్నుకు ఒక సారీ. ముందిస్తే ఏం, తర్వాతిస్తే ఏం? ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఇన్ని వారాలుగా వాణ్ని లాక్కొచ్చి ఆ పిల్లల ముందు నిలబెట్టాను గానీ, వాళ్ల ముఖం వాడు ఒక్కసారైనా చూశాడా? చూడమని నేను అన్నానా?

రెండు రోజులకే మళ్లీ తన్నాడు. ఈసారి నేను సారీ అడగలేదు. ముందు పాప పక్కన కూర్చున్నాను. పాప ఏడవడం లేదు. పెదవులు రెండూ బిగబట్టి, కూలిన దిమ్మెల్లోంచి పసుపు రంగు ముక్క ఒక్కటే ఏరుకుని గుప్పిట్లో పట్టుకుంది. “ఇది పైన పెడదామనుకున్నావా తల్లీ?” అంటే తలూపింది. అప్పుడు వాణ్ని పిలిచి నా ఇంకో పక్కన కూర్చోబెట్టుకున్నాను. “చూడు నాన్నా, పాప ముఖం చూడు. గుప్పిట్లో ఏముందో చూడు. ఆ పసుపు ముక్కని అన్నిటికన్నా పైన పెడదామని ఇందాకట్నుంచి కడుతోంది. ఇప్పుడు పెట్టుకోవడానికి గోపురం లేదు” అన్నాను. ఇంకేం అనలేదు. వాడు ఫ్యాను వంక చూడలేదు. ఆ గుప్పిట వంకే చాలాసేపు చూశాడు. తర్వాత పాపతో, “నేను కింద పేరుస్తా, నువ్వు పైన పెట్టు” అన్నాడు.

దాంతో వాడు తన్నడం మానేశాడని రాస్తే అబద్ధమవుతుంది. ఆ తర్వాత కూడా చాలాసార్లు తన్నాడు. కాకపోతే తన్నాక పరుగెత్తకుండా ఆగి, వెనక్కి తిరిగి చూడడం మొదలుపెట్టాడు. అలా ఒకసారి వెనక్కి చూసే పిల్లవాడితో మనం మాట్లాడొచ్చు.

పిల్లవాడు తప్పు చేసినప్పుడు కొట్టడం, తిట్టడం, ముద్దు చేయడం మానేసి దూరం పెట్టడం కన్నా, వాడి పని వల్ల ఎదుటివారికి ఏమైందో చూపించి చెప్పడమే పనికొస్తుందని మార్టిన్ హాఫ్‌మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎన్నో ఏళ్లు రాశారు. 1979లో కరోలిన్ జాన్-వాక్స్‌లర్, ఆమె తోటివాళ్లు ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లల తల్లుల చేత ఇంట్లో జరిగినవి జరిగినట్టు నమోదు చేయించారు. “చూడు, నువ్వు కొడితే తనకి నొప్పి పుట్టింది” అని మనసు పెట్టి చెప్పే తల్లుల పిల్లలే ఏడ్చేవాళ్ల దగ్గరికి ఎక్కువగా వెళ్లారట, తమ వల్ల జరిగినదాన్ని సరిచేయబోయారట. మనసు పెట్టి అన్న మాట గమనించాలి. పాఠం అప్పజెప్పినట్టు చెబితే పిల్లలు ఫ్యాను వంకే చూస్తారు.

ఎదుటివాళ్ల బాధను తమదిగా పట్టించుకునే ఈ గుణానికి పుస్తకాల్లో సహానుభూతి అని పేరు. ‘ఎంపతీ’ అన్న ఇంగ్లిష్ మాట 1909లో ఎడ్వర్డ్ టిచెనర్ ఒక జర్మన్ మాటకు సాటిగా కల్పించినది. మనకు అంతకన్నా ఎంతో పాతదీ, రెండక్షరాలదీ ఒక మాట ఉంది: అయ్యో. సారీ నేర్పితే వస్తుంది. అయ్యో ఎవరూ నేర్పకుండానే వస్తుంది. 1971లో మార్విన్ సిమ్నర్ అనే పరిశోధకుడు పుట్టి కొద్ది రోజులే అయిన శిశువులకు ఇంకో శిశువు ఏడుపు వినిపిస్తే వాళ్లూ ఏడ్చారు. యంత్రంతో పుట్టించిన ఏడుపులాంటి శబ్దానికి అంతగా ఏడవలేదు. 2006లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో చేసిన ప్రయోగంలో, బట్టలు ఆరేసే మనిషి చేతిలోంచి క్లిప్పు జారిపడి అందకపోతే ఏడాదిన్నర పిల్లలు నడుచుకుంటూ వెళ్లి తీసిచ్చారు. ఆ మనిషి కావాలని విసిరేస్తే అంతగా కదల్లేదు. అవసరం ఏదో, విసురు ఏదో ఆ వయసుకే తెలుస్తోందన్నమాట. కాబట్టి మన పని లేనిదాన్ని తెచ్చిపెట్టడం కాదు. ఉన్నదానికి దారి చూపాలి.

ఆ దారిలో పిల్లలు వేసే తప్పటడుగుల్ని మనం గుర్తుపట్టం. బడికి కొత్తగా వచ్చిన పాప తలుపు దగ్గరే కూర్చుని ఏడుస్తోంది. మూడేళ్ల బాబు ఒకడు వెళ్లి తన సంచిలోంచి పాత దుప్పటి ముక్క తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. అది లేనిదే వాడికి మధ్యాహ్నం నిద్ర పట్టదు. అక్కడున్న పెద్దవాళ్లు నవ్వారు, ‘ఆ చింకిపాత దానికెందుకురా’ అని. నాకు చాలా బాధేసింది. తనకు ఏది ఊరటో అదే ఆ పాపకూ ఊరట అనుకున్నాడు. ఉన్నవాటిలో అన్నిటికన్నా ప్రియమైనది తెచ్చి ఇచ్చాడు. ఎదుటివాళ్ల ఇష్టం మన ఇష్టం ఒకటి కాకపోవచ్చన్నది పిల్లలకు మెల్లగా తెలిసే సంగతి. 1997లో బెట్టీ రెపాకోలీ, ఆలిసన్ గోప్నిక్ ఒక మనిషి చేత పిల్లల ముందు బిస్కట్లు రుచి చూసి ముఖం వికారంగా పెట్టించి, పచ్చి బ్రకోలీ తిన్నప్పుడు ఆనందం చూపించేలా చేశారు. తర్వాత ఆమె చేయి చాపితే 14 నెలల పిల్లలు తమకు ఇష్టమైన బిస్కట్లే పెట్టారు. 18 నెలల వాళ్లు బ్రకోలీ పెట్టారు. తిండి విషయంలో ఏడాదిన్నరకే తెలిసినా, ఏడుపు, ఊరట లాంటి చిక్కు సంగతుల్లో ఇంకా కొన్నేళ్లు పడుతుంది. నేను ఆ బాబుతో “ఎంత మంచి పని చేశావు నాన్నా, పాపకి ఇంకేమైనా కావాలేమో అడుగుదామా?” అన్నాను. అడిగాడు. పాప వెక్కుతూనే “నా సంచి” అంది. ఎవరో దాన్ని కొక్కేనికి తగిలించేశారు. సంచి ఒళ్లోకి వచ్చాక ఏడుపు తగ్గింది. దుప్పటి ముక్కను కూడా ఆమె వెనక్కి ఇవ్వలేదు, సాయంత్రం దాకా రెండూ పట్టుకునే కూర్చుంది.

నా తరగతిలో రెండు గుడ్డ బొమ్మలతో ఒక ఆట ఆడిస్తుంటాను. ఒక బొమ్మ బుట్టలో బంతి దాచి బయటికి పోతుంది. అది లేనప్పుడు రెండో బొమ్మ ఆ బంతిని తీసి పెట్టెలో పెడుతుంది. మొదటి బొమ్మ తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతుంది? ఇది నా సొంత ఆట కాదు. 1983లో హైంజ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ ఇలాంటి కథతో పిల్లల్ని పరీక్షించారు. 1985లో సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఉటా ఫ్రిత్ దాన్ని ఇలా రెండు బొమ్మలతో చేశారు. మూడేళ్ల పిల్లలు ఎక్కువమంది “పెట్టెలో!” అని అరుస్తారు. బంతి ఉన్నది అక్కడే కదా మరి. తమకు తెలిసింది బొమ్మకు తెలియదన్న ఊహ ఇంకా కుదురుకోలేదు. నాలుగు దాటాక “బుట్టలో చూస్తుంది, పాపం” అంటారు. ఆ పాపం అన్న మాట వినబడ్డప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఒకసారి మూడున్నరేళ్ల బాబు అందరితోపాటు “పెట్టెలో!” అనే అరిచాడు. పరీక్ష లెక్కన తప్పినట్టే. పిల్లలంతా పడుకున్న వేళ చూద్దును గదా, వాడు లేచి అలమర దగ్గరికి పోయి, ఆ మొదటి బొమ్మ చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా చెబుతున్నాడు: “బుట్టలో లేదు. పెట్టెలో ఉంది. పెట్టెలో చూడు.” దానికి తెలియదని వీడికి ఏ మూలో తెలియకపోతే ఎందుకు చెప్పినట్టు? అప్పట్నుంచి ఏ పిల్లవాణ్ని గురించీ “వీడికి ఎదుటివాళ్ల బాధ పట్టదండీ” అన్న మాట నా నోట రానివ్వలేదు.

ఈ ఆట అమ్మానాన్నలకు చూపించడం నాకు ముఖ్యం. అక్క వేసుకున్న బొమ్మ మీద నీళ్లు ఒలకబోసిన మూడేళ్లవాణ్ని పట్టుకుని “అది ఎంత కష్టపడి వేసిందో నీకా మాత్రం తెలియదా?” అని గద్దిస్తాం. నిజంగానే తెలియదు. గద్దించినంత మాత్రాన తెలియదు కూడా. అక్క పక్కన కూర్చోబెట్టి, ఏ రంగు ముందు వేసిందో, ఎక్కడ తప్పిపోయి చెరిపి మళ్లీ వేసిందో ఆమె చేతనే చెప్పిస్తే తెలుస్తుంది.

ఇక పెద్దవాళ్లం మనం చేసే పొరపాట్లు. పిల్లవాడు పడి మోకాలు గీరుకుంటే “ఏం కాలేదు, లే లే” అంటాం. లేదంటే నేలను రెండు దెబ్బలు వేసి “మా బంగారాన్ని పడేసిందా!” అంటాం. మొదటిది వింటే తన నొప్పి నొప్పే కాదనుకుంటాడు. రెండోది చూస్తే, నొప్పి పుట్టినప్పుడు ఎవర్నో ఒకర్ని కొట్టాలనుకుంటాడు. రెండూ ప్రేమతోనే చేస్తాం, నాకు తెలుసు. నేనూ చేశాను. మా అబ్బాయి ఐదేళ్లవాడుగా ఉన్నప్పుడు వాడు సాకిన పిల్లి చనిపోయింది. వాడు ఏడుస్తుంటే “ఊరుకో, ఇంకోటి తెస్తాలే” అన్నాను. ఊరుకున్నాడు. కొన్ని నెలలకు మా అమ్మ పోయింది. నేను గోడకు ఆనుకుని ఏడుస్తుంటే వాడొచ్చి, దగ్గరికి రాకుండా రెండడుగుల దూరంలో నిలబడి, “ఊరుకో అమ్మా” అన్నాడు. నా మాటే, నా గొంతే. దగ్గరికి రావాలని వాడికి తెలియదు, ఎందుకంటే ఆ రోజు నేనూ వాడి దగ్గరికి పోలేదు. ఇది ఇప్పటికీ నన్ను కలచివేస్తుంది. పిల్లవాడి ఏడుపు పక్కన కాసేపు కూర్చుని “పిల్లి గుర్తొస్తోందా నాన్నా” అని ఉంటే చాలు.

మాటలు కావాలి పిల్లలకు. లోపల జరిగేదానికి పేర్లు కావాలి. బ్రిటన్‌లో జూడీ డన్, ఆమె సహచరులు మూడేళ్ల పిల్లల ఇళ్లలో మాటలు విని, 1991లో ప్రచురించిన అధ్యయనంలో చెప్పిందిదే: మనసు సంగతులు ఎక్కువగా మాట్లాడుకునే ఇళ్లలో పెరిగిన పిల్లలు ఆరేళ్లకు ఇతరుల మనసులోని భావాలను బాగా పోల్చుకున్నారు. తెలుగులో ఈ మాటలకు కొదవ ఉందా? అలక, బెంగ, ఉక్రోషం, బెరుకు, దిగులు, విసుగు, చిన్నబోవడం, ముచ్చట. మన పిల్లలకు మాత్రం హ్యాపీ, శాడ్, యాంగ్రీ అని మూడు రంగుల ముఖాలు గోడకు అతికించి ఊరుకుంటున్నాం.

మా దగ్గర ఒక పాప ఉన్నట్టుండి కొరకడం మొదలుపెట్టింది. ఇంట్లో తమ్ముడు పుట్టాడు, అమ్మ ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని “కోపమొచ్చిందా?” అన్నాను. కాదంది. “భయమా?” కాదంది. “బెంగా?” అన్నాను. “బెంగంటే ఏంటి టీచర్?” అంది. “అమ్మ పక్కన లేకపోతే ఇక్కడ ఏదో పట్టేసినట్టు ఉంటుంది చూడు, అన్నం తినబుద్ధి కాదు, ఎవరైనా దగ్గరికొస్తే చిరాకు, అది” అన్నాను. పాప తన గుండె మీద చెయ్యి వేసుకుని కాసేపు ఆలోచించి, “అదే” అంది. కొరకడం ఆ వారంలోనే తగ్గింది. నాకు గుర్తుండిపోయింది ఇంకోటి. నెల తర్వాత గేటు దగ్గర ఒక కొత్త పిల్లవాడు తనను దింపడానికి వచ్చిన నాన్నను కాలితో తన్నుతున్నాడు. అందరూ “అమ్మో, ఎంత మొండివాడో” అంటుంటే ఈ పాప నా చీర కుచ్చిళ్లు లాగి, “టీచర్, వాడికి బెంగ” అంది.

ఒక హెచ్చరిక కూడా రాయాలి. ఎదుటివాళ్ల బాధ నేర్పడం పేరుతో కొందరు పిల్లల నెత్తిన బరువు పెడతారు. “నువ్విలా చేస్తే అమ్మకి జబ్బు చేస్తుంది”, “నీ వల్లే నాన్న అన్నం తినలేదు.” ఇలా పెరిగిన పిల్లలు ఎప్పుడూ పెద్దవాళ్ల ముఖాలు చూస్తూ బిక్కుబిక్కుమంటూ తిరుగుతారు. చూసినవాళ్లు “ఎంత బుద్ధిమంతురాలో” అంటారు, నాకు గుండె తరుక్కుపోతుంది. “నాకు తలనొప్పిగా ఉంది, కాసేపు మెల్లగా మాట్లాడుకుందామా” అనొచ్చు. అది ఆ పిల్ల చేసిన నేరం కాదని ఆ పిల్లకు తెలియాలి, అంతే.

ఏడుపు వినగానే చెవులు మూసుకుని పారిపోయే పిల్లలు ఉంటారు. ఎవరైనా పడితే నవ్వే పిల్లలూ ఉంటారు. వాళ్లు రాతి గుండెవాళ్లని అనుకోకండి. చాలాసార్లు ఆ బాధ వాళ్లకు మోయలేనంతగా తగులుతుంది. నాన్సీ ఐసెన్‌బర్గ్ అనే పరిశోధకురాలు ఈ రెండింటి తేడా వివరంగా రాశారు: ఎదుటివాళ్ల కోసం జాలి ఒకటి, వాళ్లను చూసి తానే తల్లడిల్లిపోవడం ఇంకొకటి. తల్లడిల్లే పిల్లను ముందు మనం కుదుటపరచాలి.

“మావాడు మరీ మెత్తగా తయారవుతున్నాడు టీచర్, అడిగినవాళ్లకల్లా బొమ్మ ఇచ్చేస్తున్నాడు” అని ఒక తండ్రి బాధపడ్డారు. న్యాయమైన బాధే. ఎదుటివాడి ఆశ తెలుసుకోవడం వేరు, తన చేతిలోది వదిలేయడం వేరు. “నీకూ కావాలని తెలుసు. నేనింకా ఆడుకుంటున్నా, అయ్యాక ఇస్తా” అనడం ఆ బాబుకు నేర్పాం. అడిగినవాడికి కూడా అవతలివాడికి ఒక ఇష్టం ఉందని తెలిసింది. పెద్దవాళ్లు గుంజి ఇప్పించే బొమ్మలో ఇచ్చినవాడికి ఉక్రోషమే మిగులుతుంది.

సాయం చేసిన పిల్లలకు నక్షత్రాలు అంటించే పట్టిక మా గోడకూ ఉండేది, తీసేశాను. వార్నెకెన్, టొమసెల్లో 2008లో 20 నెలల పిల్లల మీద చూశారు: సాయం చేసినందుకు బహుమతి అందుకున్న పిల్లలు తర్వాత సాయం చేయడం తగ్గించారు. మెచ్చుకోవాలంటే నక్షత్రం అక్కర్లేదు, “నువ్వు నీళ్లిచ్చాక పాప ఎక్కిళ్లు ఆగాయి, చూశావా” అంటే సరిపోతుంది.

చివరిగా మీకొక విన్నపం. పత్రికల పిల్లల పేజీలో చుక్కలు కలపండి, దారి కనుక్కోండి, తేడాలు పట్టండి అని ఉంటాయి. మా పిల్లలకు అవంటే ప్రాణం. వాటి పక్కన వారానికి ఒక ముఖం బొమ్మ వేయండి. విరిగిన బొమ్మ పట్టుకున్న పిల్ల, ఆట చూస్తూ దూరంగా నిలబడ్డ పిల్లవాడు, తలుపు వైపు చూస్తూ కూర్చున్న తాత. కింద ఒకే ప్రశ్న: ‘ఏమైందంటావు?’ అమ్మో, నాన్నో, తాతో పక్కన కూర్చుని ఫోను పక్కన పెట్టి ఆ పిల్ల చెప్పేది పూర్తిగా వింటారు. ఒక పిల్ల అలక అంటుంది, ఇంకో పిల్ల బెంగ అంటుంది, ఇంకొకరు ఆ తాతకు నిద్రొస్తోందంటారు. మిగతా ఆటల్లోలాగా జవాబును పేజీ అడుగున తలకిందులుగా మాత్రం అచ్చు వేయకండి.

ఇట్లు,
ఒక నర్సరీ టీచర్